పదునుబండ అమ్మవారు మొద్దుకత్తిని అడిగి పుచ్చుకున్న వైనం

నల్లమల తూర్పు అంచున, సానవాగు కొండ దిగి మలుపు తిరిగే చోట, ఒక నల్లటి బండ వాగు మీదికి వంగి ఉంటుంది. అదే పదునుబండ. బండ కొసన నాలుగు రాతి ఉబ్బులు ముడిచిన వేళ్ళలా వరుసగా కనిపిస్తాయి. ఆ వేళ్ళ నడుమ ఒక కత్తి పిడి దిగి ఉంది, అలుగు బయటికి కనిపిస్తుంది. పదునమ్మ తల్లికి వేరే విగ్రహం లేదు, గోపురం లేదు, తలుపు కూడా లేదు. రాతి పిడికిలి, అందులోని కత్తి, ఇదే ఇక్కడి మూలరూపం. దగ్గరగా వెళ్ళి చూసిన వారికి మరొక ఆశ్చర్యం ఎదురవుతుంది. అమ్మవారు పట్టిన కత్తికి పదును లేదు!

పేరు పదునమ్మ, చేతిలో మొద్దుకత్తి. ఇదేమిటని అడగని భక్తుడు లేడు. ఆ ప్రశ్నకు జవాబే ఈ స్థల పురాణం.

ఆదివారం ఉదయం వచ్చేవారికి ఇంకొక వింత కనబడుతుంది. బండ ముందు పిల్లలు కూర్చుని కత్తులు సాన పడుతుంటారు. వారి వెనుక తల్లిదండ్రులు రెండు చేతులూ వీపు వెనుక కట్టుకుని, బడిలో తప్పు చేసి నిలబడ్డవారిలా నిలబడి ఉంటారు. ఎవరి నోటా మాట ఉండదు. కొత్తగా వచ్చినవారు చూసి నవ్వుతారు. నవ్వవచ్చు, తప్పులేదు. వంతు వచ్చినప్పుడు ఆ నవ్వు దానంతటదే ఆగిపోతుంది.

దారి గురించి ఒక మాట ముందే చెప్పాలి. వాగు దాటే చోట రాళ్ళు నాచు పట్టి జారుతాయి. అక్కడివరకు చిన్నపిల్లల చేయి గట్టిగా పట్టుకోండి. వాగు దాటాక వదిలేయండి. అలా ఎందుకో కథ పూర్తయ్యేసరికి మీకే తెలుస్తుంది.

పూర్వం ఇక్కడ ఊరు లేదు. వాగుకు ఈవల ఒక వేటగూడెం, ఆవల అడవి. ఆ గూడేనికి ఒక కరువు సంవత్సరంలో దూరపు మెట్టసీమ నుంచి కమ్మరి సంగాచారి అనే పనివాడు భార్యాబిడ్డలతో వచ్చి చేరాడు. నడిచి వస్తుండగా దారిలో వారి పెద్దబిడ్డ జ్వరంతో కన్నుమూశాడు. మిగిలింది చంకన ఉన్న ఆడపిల్ల. పేరు కామాక్షి, ముద్దుగా కామి. సంగాచారి గూడెం చివర కొలిమి పెట్టాడు. అతని చేతి బాణపు ములుకులూ కత్తులూ చూసి గూడెమంతా మురిసిపోయింది. కాని అతను మాత్రం ఆ నేలను నమ్మలేదు. అక్కడి అడవి, అక్కడి వాన, అక్కడి పాము, అక్కడి గాలి, అన్నీ తన బిడ్డను తీసుకుపోవడానికే పొంచి ఉన్నాయని అతని భయం. ఏళ్ళు గడిచినా వాగు దాటి అడవిలో అడుగు పెట్టలేదు. కామిని కొలిమిలోకి కూడా రానిచ్చేవాడు కాదు.

“నిప్పు, అమ్మా. దూరంగా ఉండు.”

“దూరంగానే ఉన్నా కదా నాయనా, తడిక అవతలే ఉన్నా,” అనేది కామి. తడిక కంతలో కన్ను పెట్టి సమ్మెట ప్రతి దెబ్బనూ చూసేది. ఎర్రటి ఇనుము ఎప్పుడు పసుపు పచ్చగా మారుతుందో, నాన్న ఏ రాయి మీద ఏ వాలున కత్తి లాగుతాడో, అన్నీ ఆ కంతలోంచే నేర్చుకుంది. ఆ సంగతి సంగాచారికి తెలియదు.

గూడెంలో ఒక కట్టుబాటు ఉండేది. ఎదిగివచ్చిన బిడ్డకు ఆడామగా తేడా లేకుండా తండ్రి వేటకత్తి ఇప్పించాలి. ఆ బిడ్డ చేతి కొలతకు చేసిన సొంత కత్తి కావాలి, ఇంకొకరిది అరువు పనికిరాదు. వలవేట నడిపే వలపెద్ద ఎదుట దాన్ని బిడ్డ చేతిలో పెట్టి “నా చేతి పని. దీనికి నాది పూచీ” అని చేసినవాడు పలకాలి. ఆనాడే బిడ్డ మొదటి వేటకు వెళుతుంది. కామి ఈడు పిల్లలందరికీ కత్తులు వచ్చేశాయి. అవన్నీ చేసింది సంగాచారే! సొంత కూతురికి మాత్రం రేపు, మాపు అని జరుపుతూ వచ్చాడు.

వలపెద్ద ఈదన్న ముసలివాడు, నోటి దురుసు ఎక్కువ, మనసు మంచిది. ఒకనాడు కొలిమి దగ్గరికే వచ్చి అడిగేశాడు.

“ఏం ఆచారీ, గూడెం పిల్లలందరి నడుముకూ కత్తి కట్టావు. నీ పిల్ల నడుముకు గోరింటాకు కడతావా?”

“పసిది, పెద్దయ్యా.”

“పసిదా! నిన్న నా మేకపోతును కొమ్ములు పట్టి ఈడ్చుకొచ్చింది. మేకపోతే పసిది దానిముందు.”

ఆ మధ్యాహ్నం సంగాచారి కొలిమి పక్కన కునుకు తీశాడు. కలలో నిప్పుల మధ్య నుంచి ఒక చేయి బయటికి వచ్చింది. ముడతలు పడిన చేయి. దానితోపాటు ఒక గొంతు వినబడింది. “నా బిడ్డకు కత్తి చెయ్యి. నా చేతికి చేసినట్టే చెయ్యి. ఏ పనీ మిగల్చకు.” ఉలిక్కిపడి లేచేసరికి తిత్తి తనంతట తాను ఊదుతోంది, కొలిమిలో నిప్పు నిలువెత్తు మండుతోంది.

దేవతాజ్ఞ అని తెలిశాక ఇక తప్పించుకునే వీలు లేదు. సంగాచారి పని మొదలుపెట్టాడు. ఉక్కు ముక్కను రెండు ఇనుప పలకల నడుమ పొదిగి, కళ్ళు చెదిరే తెల్లటి వేడికి తెచ్చి, ఇసుక చల్లి దాగలి మీద పెట్టాడు. అతని భార్య భద్రమ్మ సమ్మెట ఎత్తింది. నిప్పురవ్వలు పూలవానలా చిమ్మాయి. మూడూ ఏకమై ఒకే లోహమయ్యాయి. సాగదీశాడు, మొన తీశాడు, వీపు మందంగానూ కోసే వాదర పల్చగానూ దించాడు, ఆకురాయితో రాశాడు. కామి తడిక అవతల నిలబడలేక గెంతులు వేస్తోంది.

“అయిపోయిందా నాయనా? మొన వంకీగా ఉందా, సూటిగానా?”

“ఉండవే తల్లీ! నీ అరుపులకు ఇనుము కూడా ఉలిక్కిపడుతోంది,” అని భద్రమ్మ నవ్వింది.

మిగిలింది అసలు పని. ఎర్రగా కాలిన కత్తిని నూనెలో ముంచాలి. ఆ ఒక్క క్షణంలోనే ఉక్కు గట్టిపడుతుంది. ముంచని కత్తి ఎంత మెరిసినా మెత్తని ఇనుపముక్కే, దానికి వాదర నిలవదు. సంగాచారి కాలిన కత్తిని పట్టుకారుతో ఎత్తి నూనె కుండ మీదికి తెచ్చాడు. భద్రమ్మ అప్పుడే నీళ్ళకు వెళ్ళింది. కుండ మీద అతని చేయి ఆగిపోయింది. ఇంత పదునైన వస్తువు నా బిడ్డ చేతిలోనా? వేలు తెగితే? జారి పాదం మీద పడితే? దారిలో వదిలి వచ్చిన పెద్దవాడు కళ్ళ ముందు మెదిలాడు. కత్తిని నూనెలో ముంచలేదు. బూడిదలో పెట్టి మెల్లగా చల్లారనిచ్చాడు.

“నూనెలో ముంచిన చప్పుడు వినలేదే?” అంది వచ్చిన భద్రమ్మ.

“నువ్వు రేవులో ఉన్నప్పుడు ముంచాను.”

వాదరను కూడా తోలుతో రుద్ది గుండ్రం చేశాడు. పిడికి చేతి కొలత తీసుకోలేదు. తన మనసులో ఉన్న చిన్నారి చేతికి సరిపోయేలా చిట్టి పిడి అమర్చాడు. పైకి మాత్రం అద్దంలా మెరుగు పెట్టాడు. అంత అందమైన కత్తి గూడెంలో ఎవరికీ లేదు! కామి దాన్ని గుండెకు హత్తుకుని వీధులన్నీ తిరిగి చూపించింది.

వేటనాటి ఉదయం ఈదన్న ఎదుట సంగాచారి ఆ కత్తిని కూతురి చేతిలో పెట్టాడు. “నా చేతి పని. దీనికి... నాది పూచీ,” అన్నాడు. మధ్యలో గొంతు పట్టేసింది. కూతురి మీద మమకారమనుకుని అందరూ తలలు తిప్పుకున్నారు. ఆమె మొదటి ఏడాది నీళ్ళకుండలే మోస్తుందని, కత్తి పని పడదని సంగాచారి లోలోపల ధైర్యం చెప్పుకున్నాడు.

వారు వాగు దాటి వెళ్ళాక భద్రమ్మ సంబరంగా ఇంటికి వచ్చింది. “విన్నావా? మన కామిని తలతాడు కాపు పెట్టారట!”

ఆ మాట వినగానే సంగాచారి చేతిలోని సుత్తి జారిపోయింది. జంతువులు నడిచే దారికి అడ్డంగా వల కట్టేవారు. దాని బరువంతా అడ్డతీగ నారతో పేనిన తలతాడు మీదే నిలుస్తుంది. పంది పడితే సరే. ఎలుగుబంటి పడితే మాత్రం వలను ఆపడం మనుషుల తరం కాదు. వెంటనే తలతాడు తెంపాలి. వల కింద పడుతుంది, ఎలుగు దులుపుకుని పోతుంది, మనుషులు బతుకుతారు. ఎత్తు బండ మీద క్షేమంగా కూర్చుని చేసే పని కనుక దాన్ని కొత్తవారికే ఇచ్చేవారు. దానికి బలం అక్కరలేదు. పదునైన కత్తి ఒక్కటే కావాలి.

“దాని కత్తి తెగదు, భద్రమ్మా. నేను ముంచలేదు.”

భద్రమ్మ ఒక్క క్షణం అతని ముఖంలోకి చూసింది. తిట్టడానికి కూడా సమయం తీసుకోలేదు. “ఇంకా ఇక్కడే నిలబడ్డావేమయ్యా? పరుగెత్తు!”

గోడకున్న పెద్ద కత్తి అందుకుని సంగాచారి పరుగెత్తాడు. ఇన్నేళ్ళుగా దాటని వాగును నీళ్ళు చిమ్ముకుంటూ దాటాడు. ముళ్ళు గీరినా, తలపాగా ఊడి తునికి కొమ్మకు చిక్కినా ఆగలేదు. దూరంగా డప్పులు, కేకలు. వాగు మళ్ళీ మలుపు తిరిగి వచ్చే చోట ఎదుటి గట్టున ఈ నల్లబండ కనిపించింది. బండ మీద కామి! ఆమె ముందు బిగిసిన తలతాడు. కింద వలలో నల్లటి కొండలా ఒక ఎలుగుబంటి పొర్లుతోంది. వల కొస ఈదన్న కాలికి చుట్టుకుపోయింది. ఎలుగు గుంజిన ప్రతిసారీ అతను దాని వైపు ఈడ్చుకుపోతున్నాడు. అతని కత్తి చేతికందని చోట పడి ఉంది, డప్పులవాళ్ళు ఇంకా దూరంలోనే ఉన్నారు.

“తెంపు బిడ్డా! తెంపు!” అని ఈదన్న కేక.

కామి కోస్తోంది. కత్తి తాడు మీద జారుతోంది. చిట్టి పిడి ఆమె గుప్పిట్లో నిలవక తిరిగిపోయింది. మొన పక్కకు జారి ఎడమ అరచేతిని చీల్చింది. సంగాచారి నోరు తెరిచి గట్టు దూకబోయాడు. సరిగ్గా అప్పుడు ఒక కర్ర అతని రొమ్ముకు అడ్డంగా వచ్చింది.

ఒక ముసలమ్మ. దుంపలు తవ్వే కర్రతో దారి కాచి నిలబడింది. ఈతకమ్మలు కోసుకుంటూ ఉందని కొందరు పెద్దలు చెబుతారు. ఏది సరైనదో తేల్చలేక రెండూ ఇక్కడ రాశాము.

“ఎక్కడికిరా కొడకా?”

“అవ్వా, అడ్డు తీయి! నా బిడ్డ!”

“కళ్ళు తెరిచి చూడు. ఎలుగు బయటపడితే పారిపోయే దారి ఈ రేవు ఒక్కటే. నువ్వు రేవులోకి దిగితే అది వెనక్కి తిరుగుతుంది. వెనక ఎవరున్నారు?”

వెనుక ఈదన్న, ఆపైన కామి. సంగాచారి కాళ్ళు ఆగిపోయాయి.

“అయితే కేకైనా వేస్తాను.”

“వెయ్యి. అది నీ వైపు చూస్తుంది. తాడు వైపు ఎవరు చూస్తారు? నీ తాతా?”

“మరి నన్నేం చెయ్యమంటావు తల్లీ?”

“చేతులు వెనక్కి కట్టుకో. చెట్టు చాటుకు జరుగు. నోరు మూసుకుని చూడు. చెయ్యవలసినప్పుడు చెయ్యలేదు, ఇప్పుడు చెయ్యకూడనప్పుడు చేస్తావా?”

సంగాచారి చేతులు వీపు వెనక్కి తీసుకున్నాడు. ఒక చేత్తో ఇంకొక చేతిని బిగించి పట్టుకున్నాడు. గోళ్ళు చర్మంలోకి దిగిపోతున్నాయి. కళ్ళు మాత్రం మూయలేదు.

బండ మీద కామి కోయడం ఆపింది! కత్తిని ఎండకు తిప్పి వాదర చూసింది. పారుతున్న నెత్తురునే నీళ్ళుగా చేసుకుని, కత్తిని బండ మీద వాలుగా ఆనించి, సరిగ్గా తండ్రి లాగినట్టే లాగింది. ఒకవైపు, మళ్ళీ రెండోవైపు. మెత్తని ఇనుముకు వాదర నిలవదు, నిజమే. కాని ఒక్క కోతకు వస్తుంది. ఆ కోతతో తాడులో ఒక పేట తెగింది! వాదర చచ్చిపోయింది. మళ్ళీ బండ మీద లాగింది. ఇంకొక పేట తెగింది! ఎలుగు గర్జించింది, ఈదన్న దాని గోళ్ళకు అందేంత దగ్గరికి వెళ్ళిపోయాడు. కామి తల ఎత్తలేదు. మళ్ళీ లాగింది. ఆ లాగుడులో కూతురి చేతి మీద ఇంకొక చేయి ఉండడం సంగాచారి చూశాడు. ముడతలు పడిన చేయి, కలలో నిప్పుల్లోంచి వచ్చిన చేయి. పక్కకు తిరిగి చూస్తే ముసలమ్మ లేదు. దుంపల కర్ర ఒక్కటే నిలబడి ఉంది.

టప్పున చివరి పేట తెగింది. వల కుప్పకూలింది. ఎలుగుబంటి దులుపుకుని రేవులోకి దూకింది. నీళ్ళు చిమ్ముతూ సంగాచారి నిలబడ్డ చెట్టు పక్కనుంచే, దాని ఊపిరి అతని మోకాలికి తగిలేంత దగ్గరగా దూసుకుపోయి పొదల్లో కలిసిపోయింది. అతను కదలలేదు.

అప్పుడు దిగాడు రేవులోకి. కామి తెగిన చేతిని కొంగుతో చుట్టుకుని బండ దిగి ఎదురొచ్చింది. కత్తిని తిప్పి, మొన తన వైపు, పిడి తండ్రి వైపు పెట్టి అందించింది.

“నాయనా, ఈ కత్తి మొద్దుది.”

“నేనే అలా చేశానమ్మా. నీ చేయి తెగుతుందని భయపడి.”

కామి తన అరచేతిని చూసుకుంది. సంగాచారి తల వంచాడు. కాలి చిక్కు విడిపించుకుంటూ ఈదన్న రొప్పుతూ అన్నాడు.

“ఆచారీ, ఎలుగు లాగిన లాగుడు ఒక ఎత్తు, నీ ప్రేమ లాగిన లాగుడు ఒక ఎత్తు. రెండోదే నన్ను చంపబోయింది. పూచీ అన్నావే? ఇంకా తీరలేదు. తీర్చుకో.”

కర్ర నిలబడిన వైపు నుంచి, అప్పటికి చేరుకున్న వేటగాళ్ళతో సహా అందరికీ ఒక గొంతు వినబడింది. “ఆ మొద్దుకత్తి నాది. దానికి వాడు తన భయమంతా పట్టించాడు. నాకిచ్చెయ్యండి. బిడ్డకు బిడ్డ కత్తి చెయ్యండి.” సంగాచారి కత్తిని బండ కొసన పెట్టాడు. నాలుగడుగులు వేశాక అందరూ వెనక్కి తిరిగి చూశారు. రాయి నాలుగు వేళ్ళుగా ఉబ్బి కత్తిని పిడికిట పట్టి ఉంది. ఈదన్న వచ్చి లాగి చూశాడు. కదలలేదు. నేటికీ కదలదు. భక్తులు లాగి చూడవద్దని మనవి.

కామి చేతి గాయం మానగానే కొలిమి మళ్ళీ మండింది. ఈసారి తడిక లేదు, సంగాచారే పీకి అవతల పారేశాడు. “రా. తిత్తి నువ్వే ఊదాలి,” అన్నాడు. గూడెమంతా కొలిమి చుట్టూ చేరింది. సంగాచారి ముందుగా తడి బంకమట్టి ముద్ద కూతురికి ఇచ్చి “గట్టిగా పట్టు” అన్నాడు. ఆమె పిడికిలి బిగించింది. మట్టి వేళ్ళ సందుల్లోంచి పొంగి బయటికి వచ్చింది. ఆ అచ్చును చేతిలోకి తీసుకుని అతను చాలాసేపు చూశాడు. తాను ఊహించిన చిన్నారి చేయి కాదది. ఎప్పుడు ఇంత పెరిగిందో అతనికి తెలియనే లేదు.

ఉక్కు పొదిగారు. భద్రమ్మ సమ్మెట, సంగాచారి సుత్తి, కామి తిత్తి! దెబ్బ మీద దెబ్బ, తాళం తప్పలేదు. కత్తి సాగింది, మొన తీరింది. ఎర్రగా కాలాక పట్టుకారును కామి చేతికే ఇచ్చాడు. నూనె కుండ ఎదుట ఆమె తండ్రి ముఖంలోకి చూసింది. సంగాచారి రెండు చేతులూ వీపు వెనక్కి కట్టుకున్నాడు.

“ముంచు.”

సుయ్యిమని నూనె పొంగింది. పొగలోంచి కత్తి నల్లగా, నిటారుగా, వంకర లేకుండా బయటికి వచ్చింది. ఆకురాయి ఆనిస్తే గాజు మీద లాగినట్టు జారిపోయింది. గట్టిపడింది! జనం ఈలలు వేశారు. కాని అంత గట్టితనం మంచిది కాదు, పెళుసుగా విరిగిపోతుంది. నల్లని పొరను గీకి తెల్లగా మెరిపించి, వీపును కాలిన ఇనుప దిమ్మకు ఆనించి మెల్లగా వేడి ఎక్కించాలి. వేడి పాకేకొద్దీ ఉక్కు మీద రంగులు నడుస్తాయి. ఎండలో ఆ రంగు కళ్ళను మోసం చేస్తుంది. అందుకని భద్రమ్మ ఈతచాప అడ్డం కట్టి నీడ చేసింది.

“రంగు నువ్వే చెప్పాలి,” అన్నాడు సంగాచారి.

“ఎండుగడ్డి రంగు వచ్చింది, నాయనా. ఇంకా... ఇంకా... తేనె రంగు! వాదర దాకా వచ్చేసింది! తేనె దాటితే నేరేడు పండు రంగు, అది మెత్తబడిపోతుంది కదూ?”

“ఇవన్నీ నీకెవరు చెప్పారే?”

“తడిక.”

కత్తిని నీళ్ళలో పెట్టి రంగును అక్కడే ఆపేశారు. అడవిలో రాలిన దుప్పికొమ్మును మట్టి అచ్చు కొలతకు చెక్కారు. కొమ్ము లోపల తొలిచి, ఇటుకపొడి కలిపిన లక్కను కరిగించి పోసి, కత్తి తోకను వేడి చేసి దింపారు. వేలివేలికీ ఒక పల్లం కుదిరింది. కామి పట్టుకుంటే అది చేతిలోంచి మొలిచినట్టుంది.

వాదర తీయడానికి సంగాచారి సాన దగ్గరికి వెళ్ళబోయాడు. కామి ఒప్పుకోలేదు. “బండ దగ్గరికి పోదాం,” అంది. డప్పులు కొట్టుకుంటూ గూడెమంతా వాగు దాటింది. తన నెత్తురు పడిన పల్లంలోనే వాగునీళ్ళు చల్లి, అమ్మవారి పిడికిలి ఎదుట కత్తి సాన పట్టింది. తండ్రి వెనుక నిలబడ్డాడు, చేతులు వీపు వెనుక, పెదవి పళ్ళ కింద. ఎక్కడ వాలు తప్పుతుందోనని అతని భుజాలు ఆమెతోపాటే కదిలాయి కాని నోరు మాత్రం మెదపలేదు.

ఈదన్న కొత్త అడ్డనార తాడు ఒకటి రెండు చెట్ల నడుమ బిగించి కట్టాడు. “నాకు నీళ్ళ మీదా, నిప్పు మీదా నమ్మకం లేదు. తాడు మీదే నమ్మకం. తెంపు చూద్దాం.”

ఒక్క లాగుడు. తాడు రెండు ముక్కలై చెట్లకు కొట్టుకుంది. ఈదన్న తెగిన కొసను వేలితో తడిమి చూశాడు. చీలిక లేదు, పీచు లేదు.

“ఇప్పుడు చెప్పు, ఆచారీ.”

“నా బిడ్డ చేతి పని,” అన్నాడు సంగాచారి. “దీనికి నాది పూచీ.” ఈసారి గొంతు పట్టలేదు.

కామి కత్తిని తిప్పి, పిడి తండ్రి వైపు పెట్టి అందించింది. అతను చేతులు ముందుకు చాచాడు. ముంజేతి మీద అతని గోళ్ళే దిగిన గుర్తులు అర్ధచంద్రాల్లా ఎర్రగా ఉన్నాయి. వేట నాటి తరువాత కామి మొదటిసారి అవి చూసి నవ్వింది. అంత గట్టిగా పట్టుకున్నావా అంది. వదిలేస్తే నీ దగ్గరికి వచ్చేస్తాయని పట్టుకున్నానన్నాడు. తరువాత ఏళ్ళలో ఆ కత్తి తెంపవలసిన తాళ్ళన్నీ తెంపింది, గూడెం మనిషి ఒక్కడూ వలలో చిక్కి చనిపోలేదు. కామి బిడ్డ సాన పట్టిన నాడు కామి కూడా అలాగే నిలబడింది. తండ్రి కంటే లోతుగా గోళ్ళు దిగాయని చెబుతారు.

ఇప్పుడు వేట లేదు. చట్టం ఒప్పదు, అమ్మవారూ కోరరు. మామిడికాయ తరిగే కత్తి, కొడవలి, కుట్టుపని కత్తెర, ఏదైనా తేవచ్చు. ఉలి తెచ్చే వడ్రంగి పిల్లలూ వస్తారు, వంట నేర్చుకోవడానికి పట్నం వెళ్ళే పిల్లలూ వస్తారు. పిల్లలు పట్టిన పదును చూడడానికి ఈదన్న వంశం వారు నార తాడు కడతారు, సంగాచారి వంశం వారు బండ మీద నీళ్ళు చల్లుతారు. పదునుకు అడ్డొచ్చే నూనెలూ కుంకుమా బండ మీద పోయవద్దు. కత్తులను ఒరలోనో మందపాటి గుడ్డలోనో చుట్టి తేవాలి. చిన్న గాయాలకు మందూ గుడ్డపీలికలూ అర్చకుని దగ్గర ఎప్పుడూ ఉంటాయి, అడగడానికి మొహమాటపడవద్దు.

బిడ్డ దూరపు బడికి గాని, పనికి గాని వెళ్ళేముందు ఇక్కడికి తీసుకువచ్చేవారు ఎక్కువ. తమ ఊరు కాని ఊళ్ళో, తమ మాట కాని మాట మధ్య పిల్లలను పెంచుకునేవారు మరీ ఎక్కువగా వస్తారు. సంగాచారి కూడా అలాంటివాడే కదా. అలాంటివారిని పదునమ్మ ముందుగా పలకరిస్తుందని నమ్మకం. తల్లిదండ్రులకు ఒకటే నియమం. బిడ్డ బదులు తాము సాన పట్టకూడదు, వాలు సరిచేయకూడదు, “జాగ్రత్త” అని కూడా అనకూడదు. ఆ ఒక్క మాట ఆపుకోవడమే ఇక్కడి మొక్కు. ఆపుకోలేని వారు అమ్మవారి చేతిలోని మొద్దుకత్తిని చూడాలి. మనందరి భయాన్నీ ఆమె అక్కడ పట్టుకుని ఉంది.

తాడు తెగాక బిడ్డ కత్తిని తిప్పి పిడి ముందుకు చాస్తుంది. అప్పుడుగాని చేతులు వీపు వెనుక నుంచి రాకూడదు. ఈ గుడిలో తీర్థం లేదు, విభూతి లేదు. కత్తి అందుకునేటప్పుడు మీ ముంజేతి వైపు చూసుకోండి. అక్కడ మీ గోళ్ళు దిగిన ఎర్రటి గుర్తులు ఉంటాయి. అదే పదునమ్మ తల్లి ప్రసాదం. ఇల్లు చేరేలోపు మానిపోతుంది.